పేరు తీసిన కాగితాలు

సుందరమ్మ కలం పాళీని సిరాబుడ్డి అంచుకు ఒకసారి తాకించి మూడో పేజీ మొదలుపెట్టింది. నిటారుగా, గుండ్రంగా, ఎవరిదీ కానట్టుండే అక్షరం. కుడిచేతి నడిమివేలు పక్కన కాయ కాచి, అందులోకి నీలం ఇంకిపోయింది. శీకాయతో రుద్దినా పోదు.

భర్త పోయినప్పటినుంచి ఆమె పని ఇదే. బెజవాడలో వెంకటకృష్ణారావుగారు నడిపే చరిత్ర పత్రికకు వ్యాసం వస్తే, అచ్చుకు ముందు మరో పండితుడు చదివి మంచిచెడ్డలు చెప్పాలి. రాసిందెవరో ఆయనకు తెలియకూడదు. పేరు తీసేస్తే చాలదు. ఈ జిల్లా పండితులకు ఒకరి దస్తూరీ ఒకరికి తెలుసు. అందుకని ప్రతి వ్యాసాన్నీ సుందరమ్మ తిరగరాస్తుంది. అసలు ప్రతి బీరువాలో ఉంటుంది. ఎవరైనా కూపీ లాగబోతే, "నాకేం తెలుసండీ, ముగ్గు దించినట్టు దించుతా" అనేది.

ఈ పూట వ్యాసం ప్లీడరు తిరుపతిరావుగారిది. పూర్వం డెల్టా ఊళ్లలో చిరివేరుతో నూలుకు ఎర్రరంగు అద్దిన వైనం. కళ్లు వాక్యం మధ్యలో ఉండగానే ఆమె చెయ్యి చివరికి పోయింది. "ఒక వృద్ధురాలి అరచేతులు మరణించునంతవరకు ఎర్రగానే యుండెను."

సుందరమ్మ ఆగింది. నిరుడు ఇదే వాక్యం తను తిరగరాసినప్పుడు అవి "మా అమ్మమ్మ" అరచేతులు.

ఆ వ్యాసం కంకిపాడు చౌడయ్యది. మగ్గం నేస్తూ రాత్రిబడిలో పాఠాలు చెప్పే మనిషి. తానే తెచ్చి, అరుగు కింద నిలబడి, "పేరు తీసేస్తారంటగదమ్మా" అని నసిగాడు. "ఎక్కడికీ పోదండీ, మా దగ్గర భద్రంగా ఉంటది" అంది సుందరమ్మ. ఆమె రాసిన ప్రతి తిరుపతిరావుగారికే వెళ్లింది. పనికిరాదని ఆయన తేల్చారు.

లేచింది. కూర్చుంది. దాహం లేకపోయినా మంచినీళ్లు తాగింది. గుమ్మందాకా పోయి వెనక్కి వచ్చి, మళ్లీ కాగితాలు తీసుకుని ముందుగదిలోకి వెళ్లింది.

"ఇది చౌడయ్యగారిదండీ."

వెంకటకృష్ణారావుగారు విసనకర్ర ఆపలేదు. "తెలుసు. నువ్వు చూడవనుకున్నా."

"చూడకుండా ఎట్టా రాస్తానండీ?"

"యుద్ధం రోజులు సుందరమ్మా. కాగితం పర్మిట్టు తిరుపతిరావుగారి మాటమీద వస్తోంది. అది ఆగితే పత్రిక ఆగుద్ది. నువ్వూ నేనూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. చౌడయ్యది వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు వేస్తే ఆయనే దొంగవుతాడు గదండీ."

విసనకర్ర ఆగింది.

"నువ్వు రాయకపోతే దీన్ని ఇట్లాగే ప్రెస్సుకు పంపుతాను. రేపట్నించి నీకు పని చూపించలేను."

"రాయనండీ." ప్లీడరుగారి కాగితాలు బల్లమీద పెట్టేసింది. "వద్దన్న వ్యాసం మనిషికి తిప్పి ఇవ్వాలి. మనం ఇవ్వలేదు. తన కాగితం తన చేతిలో ఉంటే అడగడానికి నోరన్నా ఉంటది."

ఆయన జంధ్యానికి కట్టుకున్న బీరువా తాళంచెవి విప్పి బల్లమీద పెట్టి, గోడవైపు తిరిగారు.

పెట్రోలు దొరకక బొగ్గుమీద నడుస్తున్న కంకిపాడు బస్సు పటమట దాటకముందే ఆగింది. కండక్టరు దిగి వెనక పొయ్యిని పొడుస్తుంటే, "దీనికన్నా మా ఎద్దులు నయం, బెదిరిస్తేనన్నా కదులుతాయి" అన్నాడో ఆసామి. అందరూ నవ్వారు. సుందరమ్మ బీరువాలోంచి తెచ్చిన చౌడయ్య కాగితాల కట్టను ఒళ్లో ఈ మోకాలిమీంచి ఆ మోకాలిమీదికి మార్చుకుంటూ కూర్చుంది. రోడ్డు పక్కన, నీళ్లు కట్టేసిన బందరు కాలువలో బురద నెర్రెలిచ్చింది. చౌడయ్యకు మొదటి మాట ఏం చెప్పాలో కంకిపాడు వచ్చేదాకా తేలలేదు.

వాకిట్లో చౌడయ్య భార్య భద్రమ్మ రాట్నంమీద కండెలు చుడుతోంది. నుదుట బొట్టు లేదు. సుందరమ్మ గడప బయటే నిలబడిపోయింది.

"ఉగాది ముందు జ్వరం తగిలిందమ్మా. లేవలేదు." భద్రమ్మ రాట్నం ఆపింది. "బెజవాడ పుస్తకంవాళ్లా? అచ్చయిందా?"

"లేదమ్మా. తిప్పి ఇవ్వడానికొచ్చా."

భద్రమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని కట్ట అందుకుంది. "ఆయన పేరెక్కడుంది?"

సుందరమ్మ వేలు పెట్టి చూపింది. భద్రమ్మ కూడా అక్కడే వేలు ఆనించి ఉంచింది.

"ఇదే సంగతి మీ పుస్తకంలో వస్తదా మరి?"

"వస్తది. వేరేవాళ్ల పేరుతో. మీరొచ్చి అడగాలి. ముందు ఎవరు రాశారో నేను చెబుతా."

"పెద్దోళ్లని నేనేం అడుగుతానమ్మా."

"ఇద్దరం అడుగుదాం."

భద్రమ్మ కట్ట పెట్టడానికి లోపలికి నడిచింది. వెనకే సుందరమ్మ వెళ్లింది. మగ్గం గుంటపైన దండేనికి చిలపలు, చుట్టి కట్టిన నూలుపోగులు, వరసగా వేలాడుతున్నాయి.

"అచ్చయితే పుస్తకానికో ఎర్రపోగు కుట్టించాలని ఆ వేరుతోనే అద్దాడు" అంది భద్రమ్మ.

పాలిపోయిన గులాబీరంగు నుంచి ఒక్కో చిలపా ముదురుతూ పోయింది. ఆఖరిది సగందాకానే ఎరుపెక్కింది. మిగతా సగం తెల్లగా, ఎప్పుడో ఆరిపోయి, గాలికి కొంచెం కొంచెం తిరుగుతోంది.