కిటికీ దాకా పట్టాలు

పాలిష్ మేస్త్రీ మంచం పట్టి ఏడాది దాటింది. బీరువాలకూ కుర్చీలకూ రంగు కొట్టీ కొట్టీ ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో వెనక గదిలోనే ఉంటున్నాడు. పెరట్లో మొక్కల మధ్య ఆయన సరదాగా వేసుకున్న బొమ్మరైలు ఉంది. గది కిటికీలోంచి మాత్రం పక్కసందు, దాని చివర స్నానాలగది గోడ తప్ప ఏమీ కనిపించదు. రైలు తిరిగేదంతా గోడకు అవతలే.

దాన్ని కిటికీ దాకా తేవాలని ఆయన భార్య పట్టుబట్టింది. ఆవిడ కళ్లద్దాల దుకాణంలో అద్దాలు సానబెడుతుంది. సంచిలో పాత పట్టా ముక్క ఒకటి వేసుకుని, రంగు కలిసే దారం కోసం తిరిగినట్టు, పని దిగాక దుకాణాలు తిరిగింది.

ఒకచోట ఆ పట్టాలు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడిందన్నారు. ఇంకోచోట అదే రకం కొత్త ఇత్తడి పట్టాలున్నాయి. ధర వినగానే ముక్కను మళ్లీ సంచిలో పెట్టేసుకుంది. చవకైన ప్లాస్టిక్ పట్టాలు కనబడ్డాయి గానీ అవి బ్యాటరీ బళ్లకే పనికొస్తాయట. ఇంట్లోది పట్టాల్లోంచే కరెంటు తీసుకునే ఇంజను. చివరికి ఒక పాతసామాన్ల వ్యాపారి అటక మీంచి అల్యూమినియం పట్టాల కట్ట దించాడు.

"ఇవి మావాటితో కలుస్తాయా?"

"మధ్య వెడల్పు చూసుకోండమ్మా. చక్రానికి కావాల్సింది అదేగా."

కొలిచింది. అచ్చంగా సరిపోయింది.

"నప్పకపోతే వెనక్కి తీసుకుంటారా?"

"పాత సరుకు. గడప దాటితే మీదే."

ఇంట్లో భర్తను ఒక్కమాట అడిగితే తేలిపోయేది. అడక్కుండానే కొనేసింది. మాట్లాడిస్తే ఆయనకు ఆయాసం. పైగా ఉన్నట్టుండి కిటికీ ముందుకు రైలు వస్తే ఆయన ముఖం ఎలా వెలుగుతుందో చూడాలని ఆశ.

సెలవురోజున, ప్లంబింగు పని చేసే మరిది వచ్చాడు. ఆయన పడుకున్నచోటికి నేల కనబడదన్న ధైర్యంతో ఇద్దరూ సందులో కంకర పరిచి, పట్టాలు బిగించడం మొదలుపెట్టారు.

"ఏం చేస్తున్నారక్కడ?" లోపల్నుంచి మేస్త్రీ అడిగాడు.

"మురుగుకాలువ బాగుచేస్తున్నామండీ."

"కాలువకి స్క్రూలు కూడానా?" అన్నాడాయన.

సాయంత్రానికి పని అయింది. మంచం తలవైపు ఎత్తి, ఆయన వీపుకు దిండ్లు పెట్టి, ఆవిడ సందులోకి పరుగెత్తింది. మరిది స్విచ్ వేశాడు. ఇంజను గోడ మలుపు తిరిగి వచ్చింది. ఇత్తడి అయిపోయి అల్యూమినియం మొదలయ్యేచోట ఆగిపోయింది. తోస్తే కాస్త కదిలింది. కొత్త పట్టాలు ఎత్తు తక్కువ. చక్రాల అంచులు పట్టాల కింది అడ్డచెక్కలకు టకటకా కొట్టుకున్నాయి. ఇంజను పక్కకు ఒరిగిపోయింది.

మరిది జాయింటుకు టంకం వేయబోయాడు. అది పూసకట్టి జారిపోయింది.

"ఎన్ని గొట్టాలు అతికాను వదినా. దీనికి పట్టట్లేదు."

ఆవిడ ఒరిగిన ఇంజనును ఎత్తి, పట్టాల మీద పెట్టి, చేత్తో తోసుకుంటూ కిటికీ ముందుకు తెచ్చింది. తల పైకెత్తలేదు.

"వదిలెయ్యవే," అన్నాడు మేస్త్రీ. "వెడల్పు కలిస్తే చాలదు. ఎత్తు కలవాలి, కరెంటూ పారాలి."

"మీకు ముందే తెలుసా?"

"పొద్దున మోచేతి మీద లేచి చూశాను. ఆ తెల్ల మెరుపుతోనే తెలిసింది, ఇత్తడి కాదని."

"మరి చెప్పొచ్చుగా. పొద్దున్నించి నడుం విరగ్గొట్టుకున్నాం."

ఆయన కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "చెబితే ఆపేసేవాళ్లు. మీరిద్దరూ అలా పట్టాలు వేస్తుంటే చూడ్డానికి బాగుంది. చాలా రోజులైంది ఒక పని జరుగుతుండగా చూసి."

ఆవిడకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఇంజను అక్కడే పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

ఆ తర్వాత కూడా ఇత్తడి పట్టాల కోసం రెండు మూడుచోట్ల వాకబు చేసింది. ఆయన మాత్రం మళ్లీ ఆ ఊసెత్తలేదు. వానలకు అల్యూమినియం మీద తెల్లటి పొర కట్టింది. ఆయనకు కూర్చునే ఓపిక పోయింది. చిన్న ఆక్సిజన్ సిలిండర్ చాలడం లేదని డాక్టరు పెద్దది రాశాడు. అది తెచ్చినవాడి తోపుడుబండి సందులోకి దిగలేదు. చక్రాలకు పట్టాలు అడ్డం పడ్డాయి.

"ఇవి తీయించండమ్మా. ఇకనుంచి వారంవారం రావాలి మేము."

ఆవిడే స్క్రూడ్రైవరు తెచ్చుకుని సందులో చతికిలబడింది.

"ఏమిటా చప్పుడు?" లోపల్నుంచి గొంతు లీలగా వినిపించింది.

"సిలిండర్ బండికి అడ్డమొస్తున్నాయండీ."

"మెల్లగా తియ్యి. వంగిపోతాయి."

"వంగితే వంగనీండి," అంది ఆవిడ. అయినా మెల్లగానే తీసింది.