అరుగు కోసం అర్జీ

అల్మాస్‌గూడలోని ఇంటిని తిరుపతమ్మ సంతోషంగానే కొడుకు సాయినాథ్ పేర గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేసింది. ముసలితనంలో తనను బాగా చూసుకోవాలని కాగితంలో రాయించింది. సాయినాథ్ బాగానే చూసుకున్నాడు. కాకపోతే, కారు కొనగానే అది లోపలికి పట్టడం లేదని గేటు పక్క అరుగు కొట్టేయించాడు.

ఆ అరుగు మీద మందపాటి నల్లరాతి బండ ఉండేది. చనిపోయిన ఆమె పెనిమిటి జానయ్య దాని మీద ఉలితో అష్టాచెమ్మా గళ్లు చెక్కాడు. ఎదురింటి కుసుమకుమారితో తిరుపతమ్మ రోజూ సాయంత్రం ఆడేది అక్కడే. అరుగు పోయాక ఆమెను టీవీ ముందు కూర్చోబెట్టారు. సొంతింటికే చుట్టపుచూపుగా వచ్చినట్టుంది ఆమెకు. కొడుకుతో మొరపెట్టుకుంటే "చూద్దాం తియ్యమ్మా" అనేవాడు.

కుసుమకుమారే దారి చూపింది. "ఇచ్చిన ఇల్లు తిరిగి ఇప్పించే చట్టం ఉందట వదినగారూ. అర్జీ పెట్టేయండి!"

పెట్టేసింది. విచారణకు పిలుపు వచ్చిన రోజు ఎల్బీ నగర్ దగ్గరి ఆఫీసుకు తల్లీ, కొడుకూ, కోడలు జ్యోతికా ఒకే కారులో వెళ్లారు. దారిలో జ్యోతిక అత్తకు జామకాయ కోసి పెట్టింది.

"అన్నం పెట్టట్లేదా?" అధికారిణి అడిగింది.

"అయ్యో, కడుపునిండ పెడ్తరు."

"కొడతాడా?"

"ఈడా? బల్లిని చూస్తే ఉరుకుతడు మేడమ్."

గదంతా నవ్వింది. సాయినాథ్ చెవులు ఎర్రబడ్డాయి.

"మరి ఇల్లు వాపసు కావాలా?"

"ఇల్లు నేనేం జేస్కుంట? నా అరుగు నాక్కావాలె. అది లేకుంటె కిరాయికున్నట్టే ఉంది."

"గంత మాటెందుకే అమ్మా!" సాయినాథ్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "కట్టిస్త. కానీ ఆ బండ యాడ వడ్డదో..."

"యాడ వడుడేంది?" అంది జ్యోతిక. "మేస్త్రీ గేటు ముందటి మోరీ కాలువ మీద బోర్ల ఏసిండు. రోజూ నువ్వు కారు తోలేది దాని మీదికెల్లే!"

అధికారిణి కూడా నవ్వాపుకోలేకపోయింది; సాయినాథ్ ఒప్పుకున్న మాట రాయించుకుని పంపింది.

ఇంటికి రాగానే సాయినాథ్ నలుగురిని పిలిచి బండ తిరగేయించాడు. మట్టి కడిగితే గళ్లు ఒక్కటీ చెదరలేదు. అరుగు లేచేదాకా ఎవరు ఆగుతారు? కారు వీధిలోకి పోయింది, గవ్వలు బయటికొచ్చాయి, ఎదురింటి నుంచి కుసుమకుమారీ వచ్చింది. సాయినాథ్ కూడా కూర్చున్నాడు. కూర్చున్న కాసేపటికే తల్లి అతని కాయను చంపేసింది.

"కేసూ మీదే, ఆటా మీదేనా!" కుసుమకుమారి మూతి తిప్పింది.

"ఏడ్సుడు బంజేసి గవ్వలెయ్ వదినా," అంది తిరుపతమ్మ, బండ మీద కాళ్లు బారజాపుకుని.