రోజూ నువ్వే కదా దింపేది

"రోజూ నువ్వే కదమ్మా దింపేది? ఆ ఒక్క రోజు ఏమొచ్చింది?"

పై అంతస్తు ఆవిడ ఈ మాట అడిగేటప్పటికి ఆమె బాల్కనీలో తీగ మీది బట్టలు తీస్తోంది. అవి ఆరి చాలా రోజులైంది. ఆ పొద్దున పనికి వెళ్ళబోతూ హడావిడిగా ఆరేసినవి. తరవాత ఆ ఇంట్లో ఎవరికీ బట్టల ఊసే లేదు. అన్నాళ్ళూ ఎండలో పడి పిల్ల గళ్ళ గౌను ఒక పక్క వెలిసిపోయింది, రెండో పక్క కొత్తగానే ఉంది.

పై అంతస్తు ఆవిడ చెడ్డ మనిషేం కాదు. ఫ్లాస్కు నిండా టీ తెచ్చింది, ఇంత తాగమని బతిమాలింది, తాగకపోతే తిట్టింది కూడా. ఆ మాటా మనసులో పెట్టుకోలేక అడిగేసిందే తప్ప అందులో విషం లేదు. విషం లేని మాట కాబట్టే కాబోలు, సూటిగా లోపలికి దిగింది.

"బడిలో కళ్ళ పరీక్షలున్నాయండీ. తొందరగా వెళ్ళాల్సొచ్చింది."

"ఏమో తల్లీ. నేనైతే చచ్చినా నా పిల్లల్ని ఇంకొకళ్ళ చేతికిచ్చేదాన్ని కాదు" అని ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఇంకొకళ్ళంటే ఎవరు? పిల్ల తండ్రి. ఆమె గౌను మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

ఆమె ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. గోడ మీద అక్షరాలు చదివిస్తూ, కంటి ముందు అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని పొద్దస్తమానం అడిగే పని. ఆ రోజు దుకాణం తరఫున ఒక బడిలో పిల్లలందరికీ ఉచితంగా కళ్ళు చూడాలి. పగలంతా పిల్లని చూసుకునే క్రెష్ తెరవక ముందే ఆమె ఆ బడిలో ఉండాలి. ముందు రోజే భర్తకి చెప్పింది. "దింపుతాలే, అదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నాడాయన.

పిల్లకి రెండేళ్ళు దాటాయి. తింటే పిచ్చుక ముక్కుతో పొడిచినట్టు నాలుగు మెతుకులు తింటుందని తండ్రే దానికి 'పిచ్చుక' అని పేరు పెట్టాడు. ఆ పొద్దున ఆయనే దానికి ఒళ్ళు తుడిచి, జుట్టు దువ్వి, కారు వెనక సీట్లో పట్టీలు బిగించి కూర్చోబెట్టాడు. వీధి చివరికొచ్చేసరికి అది నిద్రపోయింది. పెద్ద సిగ్నల్ దగ్గర ఎడమకి తిరిగితే క్రెష్, తిన్నగా పోతే ఆఫీసు. ఆయన రోజూ పోయినట్టే తిన్నగా పోయాడు.

సాయంత్రం ఆమె క్రెష్ గుమ్మంలో నిలబడితే ఆయా, "ఇవాళ పాప రాలేదు కదమ్మా!" అంది. ఆమె అక్కడి నుంచే ఆయనకి ఫోన్ చేసింది. ఫోనులో మెట్ల మీద ఆయన పరుగు వినిపించింది, కారు తలుపు తీసిన చప్పుడు వినిపించింది. ఆ తరవాత విన్నదాన్ని ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పోలీసులు ఆయన్ని ఆఫీసు ఆవరణలోంచే తీసుకుపోయారు. జనం పోలీసు బండి అద్దాల మీద పిడికిళ్ళతో కొట్టారు. బతికుండగానే తోలు వలవాలన్నారు, అదే ఎండలో అదే కారులో పెట్టి తాళం వెయ్యాలన్నారు. టీవీలో ఒక పూటంతా అదే. ఆమెకి ఆ కోపం అర్థమైంది. అది పిల్ల కోసం పుట్టిన కోపం. ముక్కూ మొహం తెలియని వాళ్ళు తన పిచ్చుక కోసం ఏడుస్తున్నారని, ఒళ్ళు తెలియని ఆ స్థితిలో కూడా ఆమెకి ఒక్క క్షణం ఊరట కలిగింది.

మర్నాటికి గాలి తిరిగింది. ఆయన కారు పక్కన నేల మీద కూలబడి తల బాదుకుంటున్న వీడియో ఎవరో బయటపెట్టారు. అది చూసినవాళ్ళెవరికైనా గుండె కలుక్కుమంటుంది. ఆమెకీ కలుక్కుమంది. పాపం మనిషి, అన్నారు. ఆఫీసులో ఎంత ఒత్తిడో, అన్నారు. మగాడు, అలవాటు లేని పని, అన్నారు. అలవాటు లేకపోతే అలవాటున్నవాళ్ళెవరు, వాళ్ళెక్కడ, అని అప్పుడు మొదలైంది. ఆమె ఫోటో ఎక్కడ దొరికిందో, దుకాణం వార్షికోత్సవంలో తోటివాళ్ళతో పగలబడి నవ్వుతున్నది వేశారు. అది పిచ్చుక పుట్టకముందుది. కింద ఎవరో 'బిడ్డ పోయిన తల్లి మొహమేనా ఇది?' అని రాశారు. ఇంకొకరు, 'ఊళ్ళో పిల్లల కళ్ళు చూడ్డానికెళ్ళింది, సొంత పిల్లని చూసుకునే కళ్ళు లేవు' అని రాశారు. ఆ చమత్కారం చాలామందికి నచ్చింది. ఆమె పెదనాన్న కొడుక్కీ నచ్చింది. ఏ పరధ్యానంలో లైకు నొక్కాడో, అతని పేరూ అక్కడ కనిపించింది.

దుకాణం యజమాని ఫోన్ చేసి ఎంతో మర్యాదగా, "కొన్నాళ్ళు రాకమ్మా. వచ్చినవాళ్ళు కళ్ళు చూపించుకోవడం మానేసి నీ గురించే అడుగుతున్నారు" అన్నాడు.

అందరి నోటా ఒకటే ప్రశ్న. తల్లయ్యుండి ఒక్క ఫోన్ చేసి కనుక్కోలేదా?

చేసింది. బడిలో ఒక వరుస పిల్లలయ్యాక టీ ఇచ్చారు. ఆ కప్పు పక్కన పెట్టి చేసింది. "దింపారా?" అంది. "ఆఁ, దింపేశా" అన్నాడు. "ఏడ్చిందా?" అంది. "లేదు, ఏడవలేదు. మీటింగులో ఉన్నా, ఇంకేమన్నా ఉందా?" అన్నాడు. ఇంకేమీ లేదంది. టీ తాగింది.

ఈ సంగతి తెలిసింది ఇద్దరికే. ఆమె గనక గుమ్మంలోకి వెళ్ళి, అక్కడ కాచుకుని కూర్చున్న కెమెరాలకి ఆ నాలుగు ముక్కలూ చెబితే చాలు, సాయంత్రానికల్లా ఊరు ఆమె పక్కకి వచ్చేస్తుంది. మళ్ళీ ఆయన తోలు వలవాలంటారు. గుమ్మం దాకా ఒకసారి వెళ్ళింది కూడా. తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. పిల్ల పోయిన ఇంట్లో గెలవడానికి ఏముంది అనిపించి వెనక్కొచ్చింది.

అత్తగారు ఆ ఇంట్లోనే ఉంది. గోడకి జేరగిలబడి కూర్చున్న చోటు నుంచి లేవడం లేదు. మనవరాలు పోయింది, కొడుకు లోపలున్నాడు. ఏ దుఃఖానికి ముందు ఏడవాలో తెలియని ముసలిదాన్ని చూస్తే ఆమెకి జాలేసేది. బలవంతాన నాలుగు ముద్దలు తినిపించేది. తింటూ తింటూనే అత్తగారు అనేది: "వాడికి చిన్నప్పటి నుంచీ మతిమరుపే. బడికి సంచి మరిచిపోయి వెళ్ళేవాడు, నేనే వెనకాల పరిగెత్తేదాన్ని. ఆ సంగతి నీకు తెలుసు కదమ్మా. తెలిసి తెలిసి ఎలా ఇచ్చావు?"

ఆఫీసులో ఆయన కింద పదిహేనుమంది పనిచేస్తారు. అక్కడ ఏనాడూ ఒక్క తేదీ మరిచిపోలేదని బహుమతి కూడా ఇచ్చారు. ఆమె గిన్నె తీసుకెళ్ళి కడిగింది.

మరిది లాయర్ని కుదిర్చాడు. జామీను రావాలంటే వదిన వాంగ్మూలం ఒకటి ఉండాలట. రోజూ దింపే బాధ్యత తనదేననీ, ఆ రోజు ఉన్నట్టుండి అన్నయ్య మీద పెట్టేశాననీ చెప్పాలట. ఫోన్ సంగతి ఎత్తకూడదట. అన్నయ్యే అతనికి చెప్పినట్టుంది. "ఎవరన్నా అడిగితే ఉత్తినే మామూలుగా మాట్లాడుకున్నామని అనండి వదినా. ఒక్క మాటే కదా" అన్నాడు.

తన తల్లయినా తన పక్క ఉంటుందనుకుంది. తల్లి ఆమెని ఒళ్ళో పడుకోబెట్టుకుని, తల నిమురుతూ, ఎంతో ప్రేమగా చెప్పింది: "పోనీలేవే, ఆ మాటేదో నువ్వే పడు. అతను బయటికొస్తే చాలు. ఆడదానికి మాట పడడం కొత్తా?"

లాయర్ దగ్గరికి వెళ్ళేముందు ఆయన్ని చూడాలంది. జైల్లో కలుసుకునే గదిలో ఇద్దరి మధ్యా ఇనప జాలీ ఉంది. అవతల నిలబడ్డ మనిషిని ఆమె వెంటనే గుర్తుపట్టలేదు. గడ్డం మాసింది, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. ఇంట్లో అయితే చెయ్యి దానంతటదే ముందుకెళ్ళి సరిచేసేది. ఇప్పుడూ లేచింది, జాలీకి తగిలి ఆగింది.

"నేను అబద్ధం చెప్పలేదు" అన్నాడు. అదే మొదటి మాట. "నువ్వు ఫోన్ చేసినప్పుడు దింపాననే అనుకున్నా. ఒట్టు. తలుపు తీసినట్టు, ఆయా చేతికిచ్చినట్టు, అది చెయ్యూపినట్టు... కళ్ళకి కట్టినట్టు కనపడిందే నాకు!"

"నాకు తెలుసు" అంది ఆమె.

నిజంగానే తెలుసు. ఊరంతా ఆయన్ని తిట్టినప్పుడూ, ఊరంతా ఆయన మీద జాలిపడ్డప్పుడూ, ఆయన్ని నమ్మింది తనొక్కతేనేమో. ఆయనకి పిల్లంటే ప్రాణం. దానికి జ్వరమొస్తే పక్కన కూర్చుని ఏడిచిన మనిషి. ఏడవడం ఆయన వంతు, మందు ఎన్ని చుక్కలో, మళ్ళీ ఎప్పుడో గుర్తుపెట్టుకోవడం ఆమె వంతు. పిచ్చుక పుట్టిన నాటి నుంచి ఆమె తలలో ఒక మూల ఎప్పుడూ పిల్లే ఉండేది. ఎవరి కంటికో అద్దాలు మారుస్తున్నా సరే, ఈ పాటికి పాలు తాగుంటుంది, ఈ పాటికి పడుకునుంటుంది, సంచిలో రెండో గౌను పెట్టానా, గోళ్ళు తీయాలి, ఆయా నిన్న చిరాగ్గా ఉంది ఎందుకో, అని ఆ మూల ఒక పని జరుగుతూనే ఉండేది. ఆయన తలలో ఆ మూలే లేదు. ప్రేమ లేక కాదు, ఆ అవసరం ఎప్పుడూ పడలేదు గనక. ఆయన ఇంట్లో నీళ్ళ ట్యాంకు తనంతట తనే నిండేది. చొక్కాలు తమంతట తామే ఇస్త్రీ అయి బీరువాలోకి ఎక్కేవి. పిల్ల కూడా రోజూ తనంతట తనే క్రెష్‌లో దిగిపోయేది. రోజూ దిగిపోయే పిల్ల ఆ రోజూ దిగిపోయే ఉంటుందని ఆయన మనసు ఆయనకి చెప్పింది. ఆయన నమ్మాడు. ఎవరో ఒకరు దింపే ఉంటారు కదా!

"లాయర్ చెప్పినట్టు రాసివ్వు" అన్నాడాయన తల వంచుకుని. "నాకోసం కాదు, అమ్మ కోసం. అందరూ ఎలాగూ నిన్నే అంటున్నారు కదా. ఇంకొక మాట ఎక్కువైతే ఏమవుతుంది?"

అంతసేపూ జాలీ మీద ఆనించి ఉన్న చెయ్యి ఆమె తీసేసింది.

"అన్నం తింటున్నారా?" అని అడిగింది. తింటున్నానన్నాడు. "గుండీలు సరిగ్గా పెట్టుకోండి" అని చెప్పి వచ్చేసింది.

లాయర్ పెద్దమనిషి. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, ఫ్యాను పెంచాడు. "నీ బాధ నేను తీర్చలేనమ్మా. కనీసం నీ ఇల్లయినా నిలబెడదాం" అని, రాసి ఉంచిన కాగితం తీసి, కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "పాపను ప్రతిదినమూ దింపు బాధ్యత నాదే. ఆ రోజున నేను నా ఉద్యోగ నిమిత్తం ఆ పనిని ఆకస్మికంగా, అలవాటు లేని నా భర్తకు అప్పగించితిని. అందువలన జరిగిన పొరపాటునకు..."

"ఆకస్మికంగా కాదండీ. ముందు రోజే చెప్పాను. సరేనన్నారు."

మరిది కుర్చీలో కదిలాడు. "వదినా..."

"మధ్యలో ఫోన్ చేశాను. దింపేశానన్నారు. అదీ రాయండి." ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఆయన నిజంగా దింపాననే అనుకున్నారు. ఆ సంగతి కూడా రాయండి. ఆయనకి పిల్లంటే ప్రాణమనీ, కావాలని చెయ్యలేదనీ రాయండి. ఎక్కడ నిలబెట్టి ఎవరు అడిగినా చెబుతాను, ఎన్ని సంతకాలైనా పెడతాను. ఆయన్ని జైల్లో ఉంచాలని నాకు లేదు."

"సంతోషం. అలాగే చేర్చుదాం" అన్నాడు లాయర్. "కాకపోతే ఈ ఫోన్ ముక్క మనకి చేటు. నీ పని నువ్వు అతనికి అప్పగించావన్నదే మనకి ఆధారం. దానిమీదే నిలబడాలి. ఆ ఒక్క వాక్యం ఉంటే చాలమ్మా, జడ్జి మనసు కరుగుతుంది. తల్లివి నువ్వే అంటే ఎవరు కాదంటారు?"

ఆమె కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. ఆ వాక్యాన్ని చూపుడువేలు పెట్టి, చిన్నపిల్లలు అక్షరాలు కూడబలుక్కున్నట్టు, మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదివింది. చదివి, ఆయన బల్ల మీదున్న కలం అడిగి తీసుకుంది. ఆ వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీసి, కాగితాన్ని తిరిగి ఆయన ముందుకి జరిపింది.

"ఆ రోజు నేను ఆయనకి నా పని అప్పగించలేదండీ" అంది. "ఆయన కూతుర్ని ఆయనకి అప్పగించాను."