వ్యాక్స్ పెట్టిన వ్యాన్

పొద్దున ఏడింటికి షట్టర్ ఎత్తగానే ఆమె ముందు గుడ్డలు దులిపి చూసుకుంటుంది. కార్లు కడిగి మెరుగుపెట్టే దుకాణం అది. గుడ్డలో ఒక్క ఇసుక రేణువున్నా పెయింటు మీద గీత పడుతుంది. బండి కడిగి తడి ఒత్తాక, వేలికొసంత వ్యాక్స్ తీసి స్పాంజితో పల్చగా రాస్తుంది. అది తెల్లగా మసకబారాక తుడిచేసి, ఆఖర్న పైపుతో నీళ్లు చల్లుతుంది. నీళ్లు పరుచుకోకుండా కందిగింజల్లా గుండ్రంగా నిలబడితే పని కుదిరినట్టే.

ఆ చుక్కలు జారేటప్పుడు బండిలో ఎవరో ఎప్పుడో అన్న మాటలు వినిపిస్తాయి. చుక్క ఎంత గుండ్రంగా ఉంటే మాట అంత స్పష్టం. వ్యాక్స్ పెడితే గొంతు కూడా పోల్చుకోవచ్చు, రెండు మూడు నెలలు ఢోకా ఉండదు. ఉత్త స్ప్రే కొడితే చుక్క కాస్త చదునుగా కూచుంటుంది, మాట నోట్లో నీళ్లు పోసుకుని మాట్లాడినట్టుంటుంది, రెండు వారాలకు అదీ పోతుంది. అందుకే కొందరు మగవాళ్లు పెళ్లాం పక్కనుంటే "స్ప్రే చాలమ్మా, వ్యాక్స్ దండగ" అంటారు. ఆమె నవ్వి స్ప్రే డబ్బా అందుకుంటుంది.

ఆమె మేనమామ కూడా ఎప్పుడూ స్ప్రేనే కొట్టించుకునేవాడు. అమ్మానాన్నా పోయాక ఆమెను పెంచింది ఆయనే, స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. ఇరవై రెండేళ్లుగా బడి పిల్లల వ్యాన్ నడుపుతున్నాడు. ఒక ఆదివారం ఆయన వ్యాన్ వదిలి క్షవరానికి వెళ్తే, ఆమెకు ముచ్చటేసి మంచి వ్యాక్స్ పెట్టింది. వచ్చి చూసి మురిసిపోతాడనుకుంది.

నీళ్లు చల్లింది. బానెట్ మీంచి మొదటి చుక్క జారింది.

"ఎరుపు, తాతా."

తర్వాత ఇంకోటి. "ఇంకా ఎరుపే. ఆగు." ఆ వెనకే, "ఇప్పుడు పచ్చ, వెళ్లు." "సైకిల్, సైకిల్! ఎడంపక్క!"

అన్నీ ఒకే ఆడపిల్ల గొంతు. తొణకదు, బెణకదు, ఆరిందాలా చెబుతోంది. ఆఖరి చుక్కలో మామ గొంతు వినిపించింది: "ఇంట్లో చెప్పకే, బంగారుతల్లీ."

ఆమె చేతిలోని పైపు నేలమీద పడి నీళ్లు పారుతూనే ఉన్నాయి. వెనక్కి తిరిగితే మామ నిలబడి ఉన్నాడు. విన్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

"వానలు తగ్గిన దగ్గర్నుంచి. పొగమంచులో ఉన్నట్టుంటుంది."

"పద్నాలుగు మంది పిల్లలు, మామయ్యా."

"తెలుసే. చెబితే మానేయమంటారు. పొద్దున్నే ఆ హారన్ కొట్టకపోతే నేనెవర్ని?" తడుముకుంటూ వెళ్లి కుళాయి కట్టేసి మళ్లీ అన్నాడు, "ఆ పిల్ల గట్టిది. ఈ ఏడే చేరింది. మొహం ఆనదు గానీ, మాటను బట్టి ఏడో తరగతో ఎనిమిదో అయ్యుంటుంది. ఒక్కసారీ తప్పు చెప్పలేదు."

ఆమె చెయ్యి చాపింది. ఆయన అందులో వ్యాన్ తాళాలు పెట్టాడు.

కళ్లలో శుక్లాలన్నారు. ఒకదాని తర్వాత ఒకటి రెండు కళ్లకూ ఆపరేషన్ అయ్యింది. అన్నాళ్లూ దుకాణం తొమ్మిదింటికి తెరిచి, వ్యాన్ ఆమే నడిపింది. ఆ పిల్లెవరో మొదటి రోజే తెలిసింది. మామకు చెప్పబుద్ధి కాలేదు.

ఇక నడపొచ్చని డాక్టరు కాగితం ఇచ్చిన మర్నాడు మామ తెల్లవారకముందే తయారయ్యాడు. ఆమె పక్క సీట్లో కూచుంది. రోడ్డు పొడుగునా బోర్డులన్నీ పైకి చదువుతూ నడిపాడు. మూడో ఇంటి ముందు ఆపాడు. వీపుకంటే పెద్ద సంచీతో ఒక పిల్ల వచ్చి, మెట్టు అందక రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, మోకాలు ఆన్చి పైకి పాకింది. ముందు పళ్లు రెండూ లేవు.

"వచ్చేశావా, తాతా!"

ఆ గొంతు విని మామ గిరుక్కున తిరిగాడు.

"నువ్వా?"

"నేనే."

"ఎన్నో తరగతమ్మా?"

"ఒకటి." ఆ పిల్ల ఆయన కళ్లలోకి పరీక్షగా చూసింది. "ఇప్పుడు కనిపిస్తోందా నీకు?"

"కనిపిస్తోందమ్మా," అన్నాడు.

ఇంజను ఆపేశాడు. తర్వాత దిగి, బండి చుట్టూ తిరిగొచ్చి మేనకోడలి వైపు తలుపు తీశాడు.

"నువ్వు నడుపు."

"డాక్టరు నడపొచ్చన్నాడుగా, మామయ్యా?"

"అన్నాడు," అని, వెనక్కి ఎక్కి ఆ పిల్ల పక్కన కూచుని, సంచీ తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు.