మాడిన రేకు వాసన

పొద్దున్నే మాత్ర నోట్లో వేసుకోగానే మంజుషకు మాడిన రేకు వాసన వస్తుంది. పొయ్యి వెలిగించకపోయినా వస్తుంది, కిటికీలు మూసినా వస్తుంది. స్నేహితురాలు దుర్గాశ్రీ పోయి ఏడాది దాటినా ఆ వాసన మాత్రం పోలేదు.

ఆత్రేయపురంలో దుర్గ వాళ్ళమ్మ సత్యకుమారి పక్కన కూర్చుని పూతరేకులు తీసేది. బోర్లించిన వేడి కుండ మీద పిండినీళ్ళలో ముంచిన గుడ్డ ఇలా లాగి, రేకు అలా ఒలిచెయ్యాలి. ఈ పిల్ల గుడ్డ లాగి, గోడ మీది పిల్లిని చూస్తూ ఉండిపోయేది. "నీ ధ్యాస ఏ ఏట్లో కలిసిందే?" అని తల్లి రోజూ తిట్టిపోసేది. కాలేజీలోనూ అదే తంతు.

మంజుషదీ ఒకప్పుడు అదే బతుకు. రాజమండ్రి డాక్టరుగారు అది బద్ధకం కాదు, ధ్యాస నిలవనివ్వని ఏడీహెచ్‌డీ అన్నారు. రెండువేల ఆరులో ఆ పేరు ఊళ్ళో విన్నదెవరు? మాత్రలు వేసుకున్నాక నిజంగానే తలలోని సంత సద్దుమణిగింది. తప్పిన సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి. ఇక ఆగుతుందా? తనకు కుదిరిన మందు ఊరందరికీ పోసెయ్యాలనుకునే రకం. "నీదీ ఇదేనే, పద" అని దుర్గ చెవిలో జోరీగలా చేరి, ఇంట్లో చెప్పనివ్వకుండానే బయల్దేరదీసింది.

బస్సులో మంజుష, డాక్టరుగారు అడిగే ప్రశ్నలూ, చెప్పాల్సిన జవాబులూ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. దుర్గ అన్నిటికీ తలూపి, చివర్లో గొంతు తగ్గించింది.

"ఊళ్ళో అనుకుంటున్నట్టు మా నాన్న కొబ్బరిచెట్టు మీంచి పడి చనిపోలేదే. చిన్నవయసులోనే గుండె ఆగి పోయాడు. ఎవరికీ చెప్పొద్దని అమ్మ ఒట్టేయించుకుంది. డాక్టరుగారు అడిగితే ఏం చెప్పను?"

"మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదని చెప్పు. ఇలాంటివి గుమ్మం దాటితే రేపు నీకూ, మీ చెల్లి సుప్రియకీ సంబంధాలొస్తాయా?"

ఆ మాట మా వైపు ఏ అమ్మలక్కయినా అంటుంది. మంచి కోరే అంటుంది, అదే ఖర్మ.

మాత్రలు మొదలయ్యాక రేకులు మాడటం మానేశాయి. తల్లి మురిసిపోయింది. ఒక మధ్యాహ్నం మాత్రం కుండ మీద రేకు మాడి పొగలొస్తున్నా పిల్ల కదల్లేదు. తట్టి చూస్తే ప్రాణం లేదు. మాత్ర వల్లో, తండ్రి నుంచి వచ్చిన గుండెజబ్బు వల్లో ఎవరూ తేల్చలేదు. అసలు మాత్రల సంగతి ఊళ్ళో మంజుషకు తప్ప ఎవరికి తెలుసు గనక?

ఇప్పుడు సత్యకుమారే చిన్నకూతురు సుప్రియను వెంటబెట్టుకుని వచ్చింది.

"నువ్వు బాగుపడ్డావు కదమ్మా. దీన్ని కూడా ఆ డాక్టరుగారికి చూపించు. ఇదీ అక్కలాగే కుదురు లేని పిల్ల."

వద్దనడానికి మంజుషకు మనసొప్పలేదు. ఆ మందే తనను ఒడ్డున పడేసింది, సుప్రియనూ పడేస్తుందేమో. రమ్మనడానికీ గుండె చాల్లేదు. దారిలో అంతా చెప్పేద్దామనుకుని బయల్దేరింది. మాటలు కూడగట్టుకునేలోపే బస్సు రాజమండ్రి చేరిపోయింది.

అదే గది, అదే బల్ల. డాక్టరుగారు సుప్రియను అడగాల్సినవన్నీ అడిగి తల్లివైపు తిరిగారు.

"మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అమ్మా? చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్ళున్నారా?"

"లేరండి. వీళ్ళ నాన్న చెట్టు మీంచి పడి పోయారండి. పెద్దది జ్వరం వచ్చి పోయిందండి."

సత్యకుమారి తొణకలేదు. డాక్టరుగారు మందు రాయడానికి కలం తీశారు. మంజుష ముక్కుపుటాలకు మాడిన రేకు వాసన గుప్పున కొట్టింది. ఈసారి అది సుప్రియ కూర్చున్న వైపు నుంచి వచ్చింది.

"రాయకండి," అంది. "వీళ్ళ నాన్నగారు గుండె ఆగి పోయారండి. దుర్గ కూడా అంతేనండి."

కలం ఆగింది. సత్యకుమారి మెల్లగా ఇటు తిరిగింది.

"ఆయన సంగతి నీకెవరు చెప్పారమ్మా?"

"దుర్గ చెప్పింది పిన్నిగారూ."

"ఎప్పుడు?"

మంజుష సుప్రియ కూర్చున్న కుర్చీ వైపు చూసింది.

"ఈ కుర్చీలో కూర్చోడానికి వస్తూ చెప్పింది. డాక్టరుగారికి చెప్పొద్దని నేనే అన్నాను."