బెల్లం తూకం

పోయినేడు డెంగీతో కూతురు కరుణశ్రీ మంచం పట్టినప్పుడు మా అక్క హైమావతి మొక్కు మొక్కింది. పిల్ల లేచి తిరిగితే బాపట్ల గుడిలో దాని బరువుకు సరిపడా బెల్లం తూగిస్తానంది. లేచి తిరిగింది. మొక్కు మాత్రం ఏడాది దాకా తీర్చలేదు. అదే కొంప ముంచింది.

ఆ ఏడాదిలో పిల్లను తెనాలిలో ఇంటర్ హాస్టల్లో పడేశారు. కర్లపాలెం బళ్లో అది ఖోఖో ఆడుతుంటే దారినపోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. హాస్టల్లో ఆటస్థలం లేదు సరికదా, డాబా మీది తలుపుకీ తాళమే. తెల్లారింది మొదలు కూర్చోవడం, చదవడం. ఒళ్లు రాక ఏమవుతుంది?

దసరా సెలవులకు వస్తే దాని మేనమామ, మా తమ్ముడు శ్యాంప్రసాద్, "ఏంటే, నీకు బెల్లం లారీలో తేవాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. అదీ నవ్వింది. వాడి నోరు పడిపోను!

తర్వాత హాస్టల్ నుంచి రేపల్లెలో ఉన్న నాకు ఫోన్ చేసింది.

"పిన్నీ, అందరి ముందూ ఆ తక్కెడలో కూర్చోలేను. అమ్మకు చెప్పవా?"

చెప్పాను. "మొక్కు చాటుగా తీర్చుకుంటారటే? చుట్టాలందర్నీ పిలిచేశాను" అంది అక్క.

కార్తీకంలో గుడికొచ్చేసరికి పిల్ల సగమైంది. "ఎంత నాజూగ్గా అయిందో!" అని చుట్టాలు మెటికలు విరిచారు. చెయ్యి పట్టుకుంటే నాకు ఎముకే తగిలింది.

"తింటున్నావా అమ్మా?"

"తింటున్నా పిన్నీ" అని తల తిప్పుకుంది.

"ఇవాళ వద్దే అక్కా" అన్నాను. వినలేదు.

అవతలి పళ్లెంలో బెల్లం దిమ్మలు పేర్చారు. తెచ్చినదాంట్లో పావువంతు మిగిలి ఉండగానే పిల్ల కూర్చున్న పళ్లెం పైకి లేచింది. "బోలెడు మిగిలిందే!" అని శ్యాంప్రసాద్ చప్పట్లు కొట్టాడు. కరుణశ్రీ నవ్వింది. నవ్వుతూనే పక్కకు ఒరిగి పడిపోయింది.

దసరా నుంచీ అన్నం మానేసి, ఖాళీ దొరికితే చాలు హాస్టల్ మెట్లు ఎక్కి దిగేదట. గుంటూరు ఆసుపత్రికి వచ్చిన తోటిపిల్ల ఏడుస్తూ చెప్పింది. గుండె సరిగా కొట్టుకోవడం లేదని, ఇప్పుడే ఏమీ చెప్పలేమని డాక్టరుగారు అన్నారు.

అక్క మంచం పక్కన కూలబడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి చేతులు జోడించింది.

"స్వామీ, నా బిడ్డను దక్కించు. ఈసారి పటికబెల్లం తూగిస్తా."

"నోరు మూయవే!" అని అరిచాను.

అప్పటికే పిల్ల కళ్లు తెరిచింది. వాళ్లమ్మ వంక ఒకసారి చూసి, గ్లూకోజు ఎక్కుతున్న సూదిని పీకేసుకుంది.