గొంతు హారన్

కుర్మయ్య దగ్గితే శంషాబాద్‌లో విమానం దిగినట్టే. కాకపోతే విమానం దిగాక ఆగుతుంది. ఎనిమిది నెలలుగా ఇదే వరుస. పరీక్షలన్నీ చేసి ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయన్నారు. దగ్గు మాత్రం తగ్గలేదు; దగ్గరికొచ్చేవాళ్లు తగ్గారు.

ఎయిర్‌పోర్టు నుంచి ఒక హోటల్‌కి అతిథులను కారులో తేవడం ఆయన పని. మేనేజర్ హరిప్రసాద్ కోస్తా మర్యాదతో చెప్పాడు: "కుర్మయ్యగారూ, అతిథులు భయపడుతున్నారండీ. నెల రోజులు లాండ్రీకి దుప్పట్ల మూటలు తోలండి. తర్వాత ఒక్క ట్రిప్పు నేనే కూర్చుని చూస్తాను. అందులోనూ దగ్గితే ఇక ఎప్పటికీ మూటలే."

కబుర్లపోగు కుర్మయ్యకు అది శిక్షే. మూటలు ఊఁ కొట్టవు కదా!

డాక్టర్ రాసిచ్చిన చోట బోర్డు చూసి భార్య రాములమ్మ పకపకా నవ్వింది. "స్పీచ్ థెరపీయా? నీకు మాటలు నేర్పుడేంది? బ్రేకులు బిగియ్యాలె గాని!"

థెరపిస్టు అనుపమ బిగించినవి బ్రేకులే. గొంతులో గరగర మొదలవగానే ముక్కుతో రెండు చిన్న పీల్పులు, పెదాలు సున్నా చుట్టి మెల్లగా ఊదుడు, ఒక గుక్క నీళ్లు.

"గొంతు సవరించుకునుడు బంద్ చెయ్యాలె బాపూ. సవరించినకొద్దీ ఇంకింత గీరుకుపోతది."

"నేనెక్కడ సవరిస్తున్న బిడ్డా?" అన్నాడు, గొంతు సవరించుకుని.

రాములమ్మ లెక్క ఒప్పజెప్పింది. "గడప తొక్కంగనే ఒకటి, కోడలు కొంగు సర్దుకోవాలెనని. కారుల పండుకున్నోళ్లను లేపనీకి ఇంకోటి."

"పిలిస్తే మర్యాద గాదే! ఖళ్లుమంటె ఆళ్లే లేస్తరు."

"ఇగ నోటితోని పిలువు బాపూ," అంది అనుపమ.

నెల తిరిగింది. పరీక్ష రోజు వెనక సీట్లో ఇస్మత్ అనే పెద్దావిడ, ముందు సీట్లో హరిప్రసాద్. ఏసీ గాలికి గొంతు గరగరమంది. కుర్మయ్య ముక్కుతో రెండుసార్లు పీల్చి, ఫూ అని ఊదాడు.

"పాలు చల్లారుస్తున్నారా?"

"గొంతు చల్లారుస్తున్న సార్."

హోటల్ వచ్చింది. ఇస్మత్ గాఢనిద్రలో ఉంది. కుర్మయ్య గొంతు అలవాటుకొద్దీ హారన్‌కు సిద్ధమైంది. హరిప్రసాద్ కళ్లార్పకుండా చూస్తున్నాడు. పీల్పు, పీల్పు, ఊదుడు. ఒక గుక్క నీళ్లు మింగి, ముప్పై ఏళ్ల డ్రైవరు పనిలో మొదటిసారి నిద్రపోయేవాళ్లను నోరు తెరిచి పిలిచాడు.

"ఇస్మతమ్మా, హోటల్ వచ్చింది. జర లేవుండ్రి."

ఆవిడ నవ్వుతూ కళ్లు తెరిచింది. "షుక్రియా భాయ్. మా ఇంట్ల గూడ ఇంత మెల్లగ లేపరు!"

హరిప్రసాద్ గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. "రేపటి నుంచి అతిథులు మీకేనండీ, మూటలు..."

కుర్మయ్య నీళ్ల సీసా చాపాడు.

"గట్ల సవరించొద్దు సార్. ఒక గుక్క తాగి చెప్పుండ్రి."